నూనె తేలితే మందు వృథా, చేను మాడుద్ది

వేపనూనె, ఇ.సి. మందులు నీటిలో ఎలా కలుస్తాయి, ఎలా పారతాయి? కలిపే పద్ధతిలో రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒకే షాపులో కొన్న వేపనూనె. ఒకే మోతాదు. ఒక చేలో తెల్లదోమ అదుపులోకి వచ్చింది. పక్క చేలో మాత్రం మొదటి సాళ్లలో దోమ అలాగే ఉంది, చివరి సాళ్లలో ఆకు మాడింది. ఇలాంటప్పుడు చాలామంది మందు కల్తీదని షాపు వాణ్ణి తిడతారు. కల్తీ మందులు లేకపోలేదు. కానీ మందు మంచిదే అయినా కలిపే తీరు సరిగా లేకపోతే ఇదే జరుగుతుంది. నూనె పంపులో పైకి తేలిపోతుంది. పంపు అడుగు నుంచి ముందుగా వట్టి నీళ్లు వస్తాయి. చివర మిగిలిన లీటరు, రెండు లీటర్లలో నూనె అంతా దిగుతుంది.

లెక్క చూడండి. లీటరుకు 5 మి.లీ. చొప్పున 16 లీటర్ల పంపుకు 80 మి.లీ. నూనె పోస్తాం. అదంతా చివరి లీటరులోనే వస్తే ఆ మొక్కల మీద పడేది లీటరుకు 80 మి.లీ. అంటే 16 రెట్లు మోతాదు! ఆకు మాడక ఏమవుతుంది? మందు ఖర్చు, కూలి ఖర్చు, పంట మూడూ నష్టమే. నూనె, నీరు కలిసే కిటుకు, కలిసిన తర్వాత ఆ మిశ్రమం పారే తీరు తెలుసుకుంటే ఈ నష్టాన్ని పైసా ఖర్చు లేకుండా తప్పించుకోవచ్చు.

పాలూ ఎమల్షనే, వెన్నా ఎమల్షనే

నూనె, నీరు వాటంతట అవి కలవవు. ఒకదానిలో మరొకటి సన్నటి బిందువులుగా చెదిరి నిలిచి ఉంటే దాన్ని ఎమల్షన్ అంటారు. మన ఇంట్లో పాలే దీనికి మంచి ఉదాహరణ. పాలలో నీటి మధ్య వెన్న బిందువులు ఉంటాయి. వాటి చుట్టూ మాంసకృత్తులతో, కొవ్వు పదార్థాలతో ఏర్పడిన పల్చటి పొర ఉంటుంది. ఆ పొర వల్లే బిందువులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా ఉంటాయి. కవ్వంతో చిలికినప్పుడు ఆ పొర చిరిగి బిందువులు ముద్ద కడతాయి. అదే వెన్న. వెన్నలో కథ తిరగబడుతుంది. కొవ్వు మధ్య నీటి బిందువులు ఉంటాయి.

పాలలో ఆ పొర చేసే పనిని పురుగు మందులో ఎమల్సిఫయర్ చేస్తుంది. డబ్బా మీద ఇ.సి. అని ఉంటే, అసలు మందును నూనెలాంటి ద్రావకంలో కరిగించి, ఎమల్సిఫయర్ కలిపి ఇచ్చారని అర్థం. నీటిలో పోయగానే పాలలా తెల్లగా విచ్చుకుంటుంది. వట్టి వేపనూనెలో ఈ ఎమల్సిఫయర్ ఉండదు. అందుకే మనం సబ్బు పొడి కలుపుకోవాలి.

అన్ని ద్రవాలూ ఒకేలా పారవు

నీళ్లు, కిరసనాయిలు, తేనె తీసుకోండి. నీళ్లు పల్చన, తేనె చిక్కన. కానీ మెల్లగా కలిపినా, గట్టిగా కలిపినా వాటి చిక్కదనం మారదు. దీన్ని పుస్తకాల్లో స్నిగ్ధత అంటారు. ద్రవం పొరలు ఒకదాని మీద ఒకటి జారేటప్పుడు కలిగే అడ్డగింపు, జారే వేగానికి తగ్గట్టు ఉంటుందని న్యూటన్ 1687లో వచ్చిన తన గ్రంథంలో చెప్పాడు. ఈ సూత్రానికి లోబడిన వాటిని న్యూటన్ ద్రవాలు అంటారు.

గంజి, గడ్డ పెరుగు, దమ్ము చేసిన బురద అలాంటివి కావు. గడ్డ పెరుగు గిన్నెను కొంచెం వంచితే కదలదు. గరిటెతో నాలుగు తిప్పులు తిప్పితే పల్చబడి జారుతుంది. అంటే కదిపితే పల్చన, వదిలేస్తే చిక్కన. వీటిని న్యూటన్ సూత్రానికి లొంగని ద్రవాలంటారు. శాస్త్రవేత్తలు వాడే పేరు నాన్-న్యూటోనియన్ ద్రవాలు.

ఎమల్షన్ ఏ రకం? అది అందులో ఉన్న నూనె పాలును బట్టి, చుట్టూ ఉన్న నీటి గుణాన్ని బట్టి ఉంటుంది. నూనె నూటికి ఒక పాలు లోపు ఉంటే దాదాపు నీళ్లలాగే పారుతుంది. మనం పంపులో కలిపే వేపనూనె నూటికి అర పాలే. కాబట్టి పంపులోని మందు, నాజిల్ దగ్గర నీళ్లలాగే వెళుతుంది. నూనె పాలు పెరిగే కొద్దీ బిందువులు ఒకదానికొకటి తగులుతూ చిక్కబడుతుంది. నూటికి 65, 70 పాళ్లు దాటితే బిందువులు ఒరుసుకుని కదలలేక వెన్నపూసలా నిలబడుతుంది. గట్టిగా కదిపితేనే పారుతుంది.

ఇక బిందువుల చుట్టూ ఉన్న నీటిలోనే జిగురు కలిపి, దాన్ని పెరుగులాంటి ద్రవంగా మారిస్తే? అప్పుడు నూనె తక్కువే ఉన్నా ఆ ఎమల్షన్ నడత మారిపోతుంది. కదలకుండా ఉన్నప్పుడు జిగురు బిందువులను పట్టి ఉంచుతుంది. కదిపినప్పుడు వదిలేస్తుంది. మందు కంపెనీలు వాడుకునే కిటుకు ఇదే.

క్యాబేజీ తెగులు నుంచి వచ్చిన జిగురు

ఈ రోజుల్లో ఇ.డబ్ల్యు., ఎస్.ఇ., ఎస్.సి. అని రాసి ఉన్న మందులు చాలా వస్తున్నాయి. ఇ.డబ్ల్యు. అంటే నూనె మందును కంపెనీలోనే నీటిలో ఎమల్షన్‌గా చేసి ఇచ్చినది. ఎస్.సి. అంటే మందు పొడిని నీటిలో నిలిపి ఉంచినది. ఎస్.ఇ.లో రెండూ ఉంటాయి. నెలల తరబడి షాపులో నిలవ ఉన్నా పైకి తేలకుండా, అడుక్కి దిగకుండా ఉండేందుకు వీటిలో చాలావాటికి క్సాంథన్ గమ్ అనే జిగురును కొద్దిగా కలుపుతారు. లీటరుకు కొద్ది గ్రాములే పడుతుంది.

ఈ జిగురు పుట్టుక రైతుకు ఆసక్తి కలిగించేదే. క్యాబేజీలో నల్ల కుళ్లు తెగులు కలిగించే క్సాంథోమొనాస్ అనే బాక్టీరియా దీన్ని తయారు చేస్తుంది. ఆకు ఈనెలు ఈ జిగురుతో పూడుకుపోయి నల్లబడతాయి. అమెరికా వ్యవసాయ శాఖకు పియోరియా పట్టణంలో ఉన్న పరిశోధనశాలలో ఎలీన్ జీన్స్ అనే మహిళా శాస్త్రవేత్త బృందం 1950ల చివర ఈ జిగురు గుణాలను బయటపెట్టింది. 1969లో అక్కడ ఆహార పదార్థాల్లో వాడటానికి అనుమతి వచ్చింది. ఇప్పుడు దీన్ని పెద్ద పెద్ద తొట్లలో బాక్టీరియాను పులియబెట్టి తీస్తున్నారు.

మన వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు, నిమ్మలో గజ్జి తెగులు, పత్తిలో నల్లమచ్చ తెగులు తెచ్చేవీ ఈ కుటుంబానివే. ఎండాకు తెగులు ముదిరిన వరిలో ఉదయంపూట ఆకుల మీద పసుపు రంగు జిగురు బొట్లు కనిపిస్తాయి కదా, ఈ బాక్టీరియా అందులోనే ఉంటుంది. పంటను ఎండబెట్టే పురుగే మందు డబ్బాలో మందును నిలబెడుతోందన్నమాట.

దీని వల్ల రైతుకు తెలియాల్సింది రెండు విషయాలు. మొదటిది, ఇలాంటి మందు సీసాను మూత తీసే ముందు తలకిందులు చేస్తూ బాగా కుదపాలి. నిలవ ఉన్నప్పుడు చిక్కగా ఉంటుంది, పైన కింద తేడా కూడా వచ్చి ఉండవచ్చు. కుదపకుండా పోస్తే మొదటి పంపుకు పలుచన, చివరి పంపుకు ముద్ద వస్తుంది. రెండోది, చిక్కటి మందు కొలత గ్లాసుకు అంటుకుని ఉండిపోతుంది. గ్లాసును మూడుసార్లు నీళ్లతో కడిగి ఆ నీళ్లను పంపులోనే పోయాలి. సీసా ఖాళీ అయినప్పుడు కూడా ఇంతే.

నూనె ఎంతసేపట్లో తేలుతుంది?

నూనె బిందువు నీటిలో పైకి తేలే వేగాన్ని లెక్క కట్టే సూత్రాన్ని స్టోక్స్ అనే శాస్త్రవేత్త 1851లో ఇచ్చాడు. బిందువు సైజు రెట్టింపైతే తేలే వేగం నాలుగు రెట్లు అవుతుంది. పది రెట్లయితే వంద రెట్లు. చుట్టూ ఉన్న ద్రవం చిక్కనైతే వేగం ఆ మేరకు తగ్గుతుంది.

ఈ లెక్కన వేపనూనె బిందువు మిల్లీమీటరులో పదో వంతు, అంటే ఇంచుమించు తల వెంట్రుక మందం ఉందనుకోండి. నిమిషానికి రెండున్నర సెంటీమీటర్లు పైకి లేస్తుంది. పంపులో నీళ్లు 30 సెం.మీ. ఎత్తు ఉంటే 12 నిమిషాల్లో అడుగు నుంచి పైకి చేరుతుంది. పంపు ఖాళీ అయ్యేలోపే నూనె తేలిపోయినట్లే. అదే బిందువు మిల్లీమీటరులో నూరో వంతు ఉంటే గంటకు ఒకటిన్నర సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. పైకి చేరడానికి దాదాపు 20 గంటలు పడుతుంది. అప్పటికి మన పని ఎప్పుడో అయిపోతుంది.

హోమోజినైజ్ చేసిన ప్యాకెట్ పాలలో మీగడ పైకి తేలకపోవడానికీ కారణం ఇదే. వెన్న బిందువులను యంత్రంలో ఒత్తిడితో బాగా సన్నగా చేస్తారు. పాడి గేదె పాలలో బిందువులు పెద్దవి కాబట్టి కాసేపు ఉంచితే మీగడ తేలుతుంది. మందులోనూ అంతే. నూనె ఎంత పోశామన్నది ఒక ఎత్తు, ఎంత సన్నగా విడగొట్టామన్నది ఒక ఎత్తు.

కిరసనాయిలు సబ్బు మందు నేర్పిన పాఠం

ఈ కిటుకు కొత్తదేమీ కాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో నారింజ తోటలను పొలుసు పురుగు పట్టి పీడించినప్పుడు, 1880లలో రైలీ, హబ్బర్డ్ అనే కీటక శాస్త్రవేత్తలు కిరసనాయిలు ఎమల్షన్‌ను వాడుకలోకి తెచ్చారు. అర పౌను గట్టి సబ్బును ఒక గాలను నీటిలో మరిగించి కరిగించేవారు. దించిన వేడి సబ్బు నీటిలో రెండు గాలన్ల కిరసనాయిలు పోసి, చేతి పంపుతో అదే మిశ్రమాన్ని లాగి అందులోకే కొడుతూ చిలికేవారు. కాసేపటికి అది మీగడలా చిక్కబడేది. చల్లారితే వెన్నలా అయ్యేది. వాడేటప్పుడు దాన్ని నీళ్లతో పల్చన చేసి కొట్టేవారు.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, వాళ్లు కిరసనాయిలును నేరుగా డ్రమ్ము నీళ్లలో కలపలేదు. ముందు కొద్ది నీటిలో చిక్కటి ముద్దగా చిలికారు. దీనికి కారణం ఉంది. చిక్కటి దానిలో కలియబెట్టినప్పుడు ప్రతి తిప్పుకూ బిందువుల మీద లాగుడు ఎక్కువ పడుతుంది, అవి సాగి తెగి సన్నబడతాయి. నీళ్లలా పల్చగా ఉన్నదానిలో ఎంత తిప్పినా బిందువు దొర్లుకుంటూ పోతుందే కానీ తెగదు. ఒకసారి సన్నబడ్డ బిందువులను తర్వాత ఎన్ని నీళ్లలో పోసినా అలాగే ఉంటాయి. (ఆ కిరసనాయిలు మందును ఇప్పుడు ఎవరూ ఇంట్లో చేయవద్దు. నిప్పు ప్రమాదం ఉంది, ఆకులు కూడా మాడతాయి. దాని వెనుక ఉన్న పద్ధతి మాత్రం మనకు పనికొస్తుంది.)

వేపనూనె ఇలా కలుపుకోవాలి

16 లీటర్ల పంపుకు 80 మి.లీ. వేపనూనె, 16 గ్రాముల సబ్బు పొడి తీసుకోవాలి. అంటే లీటరుకు 5 మి.లీ. నూనె, 1 గ్రాము సబ్బు పొడి.

ముందుగా ఒక చిన్న పాత్రలో పావు లీటరు నీళ్లు పోసి సబ్బు పొడిని ఉండలు లేకుండా కరిగించాలి. నూనెను ఒక్కసారిగా గుమ్మరించకుండా సన్నటి ధారగా పోస్తూ కర్రతో గట్టిగా కలియబెట్టాలి. చేత్తో కలపకూడదు. అయిదు నిమిషాలు తిప్పేసరికి పాలలా, మీగడలా అవుతుంది. అప్పుడు సగం నీళ్లున్న పంపులో వడకట్టి పోసి, మిగతా నీళ్లతో నింపాలి.

కలిసిందో లేదో చూడటం తేలిక. కొద్దిగా గాజు గ్లాసులోకి తీసుకుని పది నిమిషాలు ఉంచండి. పైన నూనె తెట్టెగానీ, రంగురంగుల వలయాలుగానీ కనపడితే కలవలేదని గుర్తు. ఇంకొంచెం సబ్బు నీరు చేర్చి మళ్లీ చిలకాలి.

చలికాలంలో వేపనూనె నెయ్యిలా గడ్డకడుతుంది. అలాగే నీళ్లలో వేస్తే ముక్కలు ముక్కలుగా తేలి నాజిల్‌ను మూసేస్తాయి. డబ్బాను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే కరుగుతుంది. నిప్పు మీద పెట్టకూడదు, ఎర్రటి ఎండలో గంటల తరబడి ఉంచకూడదు. వేపలోని అజాడిరక్టిన్ వేడికి, ఎండకు దెబ్బతింటుంది. ఈ కారణంగానే సాయంత్రంపూట కొట్టుకోవడం మంచిది. కలిపిన మందును ఆ రోజే వాడేయాలి.

అజాడిరక్టిన్ 1500 పి.పి.ఎం. లాంటి తయారు మందుల్లో ఎమల్సిఫయర్ ముందే ఉంటుంది. వాటికి సబ్బు అక్కర్లేదు. డబ్బా మీది మోతాదు ప్రకారం వాడాలి.

బోరు నీటితో జాగ్రత్త

కొన్ని ఊళ్లలో బోరు నీటికి సబ్బు నురగ రాదు. పప్పు ఉడకదు. గిన్నెలకు తెల్ల పొర కడుతుంది. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉన్నాయని అర్థం. ఇవి బట్టల సబ్బుతో కలిసి తెల్లటి విరుగుడు కడతాయి. అంటే నూనెను పట్టుకోవాల్సిన సబ్బు అక్కడే ఖర్చయిపోతుంది, నూనె తేలుతుంది. అలాంటి చోట బట్టల సబ్బు బిళ్ల కన్నా డిటర్జెంట్ పొడి మేలు. చెరువు నీరు, కాలువ నీరు, పట్టి ఉంచిన వాన నీరు దొరికితే ఇంకా మేలు. బురద లేకుండా వడకట్టుకోవాలి.

ఇ.సి. మందుల తయారీ ప్రమాణాల్లోనూ ఈ పరీక్ష ఉంది. లవణాల గాఢత 342 పి.పి.ఎం. ఉండేలా తయారు చేసిన నీటిలో 5 మి.లీ. మందు పోసి 100 మి.లీ. చేస్తారు. గంటసేపు కదపకుండా ఉంచుతారు. పైకి తేలింది, కిందికి దిగింది కలిపి 2 మి.లీ. మించకూడదు. మన బోరు నీరు అంతకన్నా కఠినంగా ఉంటే మంచి మందు కూడా విరగవచ్చు. అందుకే మన నీటితో మనమే చూసుకోవాలి.

రెండు మూడు మందులు కలిపితే

పురుగుకొకటి, తెగులుకొకటి, పైపాటుగా పోషకం, అన్నీ ఒకే పంపులో కలిపి కొట్టే అలవాటు బాగా పెరిగింది. అన్నీ కలిసినప్పుడు ఒకదాని ఎమల్సిఫయర్‌ను మరొకటి చెడగొట్టవచ్చు. పెరుగు విరిగినట్లు ముద్దలవుతుంది. కొన్నిసార్లు మొత్తం చిక్కబడి జావలా తయారవుతుంది. వీలైనంత వరకు కలపకుండా ఉండటమే మంచిది. తప్పదనుకుంటే ముందు వ్యవసాయాధికారి సలహా తీసుకోవాలి, ఈ వరుస పాటించాలి.

మొదట సగం నీళ్లు. తర్వాత నీటిలో కరిగే పొడి, గుళిక మందులు వేసి బాగా కలపాలి. ఆ తర్వాత ఎస్.సి. మందు. దాని తర్వాత ఇ.సి. లేదా నూనె మందు. జిగురు మందు ఆఖరున. ఇ.సి. ముందు పోసి దాని మీద పొడి వేస్తే పొడి నూనెలో తడిసి ముద్ద కడుతుంది, ఆ ముద్ద మళ్లీ విడదు.

పంపులో కలిపే ముందు, తాగడానికి వాడని ఒక గాజు సీసాలో అదే పాళ్లలో, అదే నీటితో కొద్దిగా కలిపి అరగంట ఉంచండి. తెట్టె కట్టినా, ముద్దలు దిగినా, సీసా వేడెక్కినా ఆ మందులు కలపకూడదు. గంధకం మందు కొట్టిన తోటలో కనీసం రెండు మూడు వారాల దాకా నూనె మందు కొట్టవద్దు. ఆకు మాడుతుంది.

చిక్కగా ఉంటే మంచిదేనా?

జిగురు ఎక్కువేస్తే మందు ఆకుకు బాగా అంటుతుందని కొందరు చెప్పిన దానికి రెట్టింపు పోస్తారు. అది పొరపాటు. నాజిల్ నుంచి మందు ముందు పల్చటి పొరలా వచ్చి, ఆ పొర చిరిగి బిందువులవుతుంది. సాగే గుణమున్న జిగురు ఎక్కువైతే పొర తొందరగా చిరగదు, బిందువులు పెద్దవవుతాయి. గాలికి పక్క చేలోకి కొట్టుకుపోవడం తగ్గే మాట నిజమే. కానీ పెద్ద బిందువులు ఆకు మీద నిలవక జారి నేల పాలవుతాయి. ఆకు అడుగున దాగిన దోమకు, పేనుకు మందు తగలదు. కాబట్టి చెప్పిన మోతాదు దాటకూడదు.

డ్రోనుతో కొట్టించే రైతులు ఈ విషయం మరింత పట్టించుకోవాలి. చేతి పంపుతో ఎకరాకు 200 లీటర్ల నీళ్లు వాడే చోట డ్రోనులో సుమారు 10 లీటర్లే పోస్తారు. లీటరు నూనె మందు 200 లీటర్లలో నూటికి అర పాలే. అదే 10 లీటర్లలో నూటికి పది పాళ్లు. అప్పుడు అది నీళ్లలా పారదు. చిక్కదనం పెరుగుతుంది, బిందువుల సైజు మారుతుంది, ఆకు మాడే ప్రమాదమూ ఎక్కువ. డ్రోనుతో మందు కొట్టే విధివిధానాలను కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో విడుదల చేసింది. డ్రోనుకు అనుమతి ఉన్న మందులనే, చెప్పిన పాళ్లలోనే వాడమని గట్టిగా అడగాలి.

ఇవి గుర్తుంచుకోండి

* నూనె మందును ముందు కొద్ది సబ్బు నీటిలో చిక్కగా చిలికి, ఆ తర్వాతే పంపులో పోయాలి.
* ఎస్.సి., ఇ.డబ్ల్యు., ఎస్.ఇ. సీసాలను మూత తీసే ముందు బాగా కుదపాలి.
* బ్యాటరీ పంపులో చాలావాటికి మందును కలియబెట్టే ఏర్పాటు ఉండదు. సాలు మలుపులో పంపును ఒకసారి కుదపాలి. డ్రమ్ముతో నడిచే పవర్ స్ప్రేయరైతే తిరుగు గొట్టాన్ని డ్రమ్ములోనే ఉంచాలి, మందు కలుస్తూ ఉంటుంది.
* కొడుతూ మధ్యలో ఆపితే, మళ్లీ మొదలుపెట్టే ముందు బాగా కుదపాలి. అడుగున మిగిలిన మందును ఒకే చోట పారబోసినట్లు కొట్టవద్దు.
* మిట్ట మధ్యాహ్నం, నీటి ఎద్దడితో వాడిన చేలో నూనె మందు కొట్టవద్దు.
* కొత్త మందు, కొత్త కలయిక ఏదైనా ముందు నాలుగైదు మొక్కల మీద కొట్టి రెండు రోజులు చూడాలి.
* చేతికి తొడుగులు, ముక్కుకు, నోటికి గుడ్డ తప్పనిసరి. పని కాగానే పంపును, నాజిల్‌ను సబ్బు నీటితో కడగాలి. లేకపోతే నూనె జిడ్డు గడ్డకట్టి మరుసటి వాడకానికి నాజిల్ మూసుకుపోతుంది.

మందు ధర మన చేతిలో లేదు. బోరు నీటి గుణమూ మన చేతిలో లేదు. అయిదు నిమిషాలు ఓపిగ్గా చిలకడం మాత్రం మన చేతిలోనే ఉంది. మొదటి సాలుకూ చివరి సాలుకూ ఒకే మోతాదు అందితేనే కొన్న మందుకు, పెట్టిన కూలికి ఫలితం దక్కుతుంది.